ఒక దిర్హమ్‌కు ఎన్ని మార్కులు?

బల్ల మీద ఉన్నది 1966 నాటి ఒక దిర్హమ్ నాణెం. ఖతార్, దుబాయ్ కలిసి వేయించుకున్న తొలి నాణేల్లో అతి చిన్నది ఇదే. కంచుది, 15 మిల్లీమీటర్ల అడ్డుకొలత, గ్రామున్నర బరువు, ఒక వైపు జింక బొమ్మ. అంతకు ముందు ఈ తీరంలో చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు కూడా అచ్చువేసింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక ఆ బంధం తెగింది.

నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తుతారు. రాగి లోహం వేలి చెమటను మరిచిపోదు. ముట్టుకున్న చోట నెలల తర్వాత మచ్చ తేలుతుంది. జిడ్డు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కొన్ని సెకన్లు ముంచి, రుద్దకుండా ఆరబెడతారు. చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, కానీ గ్రేడింగులో, అంటే స్థితికి మార్కు వేసేటప్పుడు, దెబ్బతింటుంది.

తర్వాత తూకం, కొలత. ఆపైన ఒకే దీపం కింద, ఐదు రెట్లు పెద్దది చేసే భూతద్దంతో నాణేన్ని నెమ్మదిగా వాలుస్తూ చూస్తారు. టంకశాలలో వచ్చిన తొలి మెరుపు చక్రంలా తిరగాలి. జింక ఒంటి మీద ఎత్తుగా ఉన్న చోట ఆ మెరుపు తెగిందంటే నాణెం చేతులు మారినట్టే.

రంగు చూడటం మరో పని. అమెరికా గ్రేడింగు సంస్థ పీసీజీఎస్ లెక్కలో తొలినాటి ఎరుపు 95 శాతానికి పైగా నిలిస్తే ‘రెడ్’, 5 శాతానికి లోపైతే ‘బ్రౌన్’, మధ్యలోది ‘రెడ్ బ్రౌన్’. మార్కు ఒకటే అయినా రంగును బట్టి ధర చాలా మారుతుంది.

సంస్థలో కనీసం ఇద్దరు నిపుణులు, యజమాని ఎవరో తెలియకుండా, విడివిడిగా మార్కు వేస్తారు. వాడే కొలబద్ద 1 నుంచి 70 దాకా. విలియం షెల్డన్ 1949లో పాత అమెరికా సెంట్ల కోసమే దాన్ని రూపొందించాడు. 60 గానీ ఆపైన గానీ వస్తే చెలామణికి రాని నాణెం.

అసలు తేడాలు ఇక్కడే మొదలవుతాయి. చిలుము పట్టిన, తోమిన నాణేనికి పీసీజీఎస్, మరో అమెరికా సంస్థ ఎన్‌జీసీ సాధారణంగా అంకె ఇవ్వవు. ‘డీటెయిల్స్’ అని రాసి లోపం పేరు చెబుతాయి. 1967లో పుట్టిన ఎర్లీ అమెరికన్ కాపర్స్ అనే సేకర్తల సంఘం వారు అలా చేయరు. ముందు అరుగుదలకు మార్కు వేసి, లోపానికి తగినంత కోస్తారు. 30 రావాల్సినది 12కు దిగవచ్చు. చెలామణి అరుగు విషయంలోనూ వారిది కఠినమైన చూపు: సంస్థ 62 ఇచ్చిన సెంటును వారు 55 అనడం అరుదేమీ కాదు. బ్రిటన్‌లో ఎల్‌సీజీఎస్ సంస్థ పాత పెన్నీలకు ఏకంగా 100కు మార్కులు వేస్తుంది. నా దృష్టిలో రాగికి సంఘం వారి పద్ధతే నిజాయతీ గలది. లోపం ఎంత తగ్గించిందో అంకెలోనే కనిపిస్తుంది.

చివరగా నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి అల్ట్రాసోనిక్ యంత్రంతో అతికిస్తారు. అమెరికా సంస్థలకైతే ఫీజు, పోస్టేజీ, బీమా అన్నీ డాలర్లలోనే, డాలరుకు 3.64 ఖతార్ రియాళ్లు. మామూలు దిర్హమ్‌కైతే నాణెం ధర కంటే ఈ ఖర్చే ఎక్కువ.

పెట్టెలో పెట్టినా రాగి మారుతూనే ఉంటుంది. దోహా తీరపు తేమలో ‘రెడ్’ నాణేలున్నవారు వాటిని సిలికా జెల్‌తో, మూత బిగించిన డబ్బాలో దాచుకోవాలి.