కొత్త కంప్యూటర్ ఆలస్యంగా ఎందుకు మేల్కొంటుంది?

పిల్లలూ! విడిభాగాలు కొని, ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి మీరే కంప్యూటర్ బిగించుకున్నారనుకోండి. బటన్ నొక్కారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. "పాడైపోయింది" అనుకుని చాలామంది ఇక్కడే కరెంటు ఆపేస్తారు. తొందరపడకండి. ఆ సమయంలో లోపల ఏం జరుగుతోందో తెలుసుకుందాం.

ర్యామ్‌కూ శిక్షణ ఉంది

ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య సమాచారం మదర్‌బోర్డు మీది సన్నని రాగి గీతల గుండా నడుస్తుంది. డీడీఆర్5-6000 రకం ర్యామ్‌లో ఒక్కో గీత మీద సెకనుకు 600 కోట్ల సంకేతాలు వెళ్తాయి. ఏ సంకేతాన్ని సరిగ్గా ఏ క్షణంలో చదవాలో కంప్యూటర్ ముందుగా పరీక్షించి చూసుకోవాలి. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. బదిలీ మీద కొత్త బడిలో చేరినప్పుడు మొదటి వారం మీరు తరగతినీ, తరగతి మిమ్మల్నీ గమనించుకున్నట్టే ఇది కూడా.

ఏఎండీ వారి ఏఎం5 బోర్డుల్లో మొదటిసారి దీనికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ర్యామ్ ఎక్కువైతే సమయమూ పెరుగుతుంది. కనీసం పది పదిహేను నిమిషాలు ఆగి చూడండి.

పెట్టె మీది అంకె

పెట్టె మీద 6000 అని ఉంది, కంప్యూటర్‌లో 4800 అని కనిపిస్తోంది. దుకాణంవారు మోసం చేశారా? లేదు. మామూలుగా డీడీఆర్5 మొదలయ్యే ప్రామాణిక వేగం 4800. పెట్టె మీది 6000 ఓవర్‌క్లాకింగ్ వేగం. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో (ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ) అనే ప్రొఫైల్‌ను ఆన్ చేస్తేనే అది వస్తుంది. ఉదాహరణకు, రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పిన హద్దు 5200. అది దాటితే ర్యామ్, ప్రాసెసర్, బోర్డు మూడూ కలిసి రావాలి. ఒక్కటి మొరాయించినా కంప్యూటర్ తెరుచుకోదు, లేదా మధ్యలో ఆగిపోతుంది.

సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో 3000 అని కనిపించినా కంగారు వద్దు. గడియారం ఒక్కసారి కొట్టుకున్నప్పుడు డీడీఆర్ రెండుసార్లు సమాచారం పంపుతుంది. 3000ను రెండుతో గుణించండి.

రోజూ ఆలస్యమైతే?

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ పేజీలో పైన ఉండే 'చివరి బయోస్ సమయం' చూడండి. అది నలభై, యాభై సెకన్లుంటే ఆలస్యం విండోస్ రాకముందే జరుగుతోంది. చాలాసార్లు ట్రైనింగ్ ప్రతిరోజూ మళ్లీ మొదలవడమే దానికి కారణం. ఏఎం5 బోర్డుల బయోస్‌లో 'మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్' ఆన్ చేస్తే పాత ఫలితాలనే వాడుకుంటుంది. ఆ సమయం తక్కువగా ఉంటే, విండోస్‌తో పాటు తెరుచుకునే ప్రోగ్రాములను తగ్గించుకోండి.

వరుసగా చేయవలసినవి

1. కరెంటు తీసి, ర్యామ్‌ను 'టక్' మనేదాకా నొక్కండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లైతే సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది, నాలుగోది వాడాలి.
2. బయోస్‌ను అప్‌డేట్ చేయండి. కరెంటు పోయే వేళల్లో మాత్రం మొదలుపెట్టకండి.
3. ఎక్స్‌పో ఆన్ చేయండి. తెర రాకపోతే, బోర్డు పుస్తకం చూసి సీమాస్ క్లియర్ చేయండి. పాత వేగం తిరిగి వస్తుంది.
4. 6000 నిలవకపోతే 5600కు దించండి.
5. మెమ్‌టెస్ట్86తో పరీక్షించండి. ఒక్క తప్పు కనిపించినా ఆ వేగం పనికిరాదు.

ఐదో మెట్టును వదిలేయకండి. ర్యామ్ చేసే తప్పు అన్నిసార్లూ బయటికి కనిపించదు. మీ ప్రాజెక్టు ఫైలో, పాత ఊరి ఫొటోలో చెప్పాపెట్టకుండా చెడిపోవచ్చు. ఆటలో దక్కే కాస్త వేగం కోసం అవి పోగొట్టుకోవడం లాభమా?

ఒకసారి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. చేసిన మార్పు, వచ్చిన ఫలితం ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అంటించండి. మళ్లీ బదిలీ వచ్చి, సామాను లారీలో కుదుపులు తిన్నాక కంప్యూటర్ తెరుచుకోకపోతే, ఆ కాగితం చదివి మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి. కదిలిన ర్యామ్‌ను సరిచేస్తే సరిపోయే చోట కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది.

అభ్యాసం

1. డీడీఆర్5-5600 ర్యామ్ సీపీయూ-జెడ్‌లో ఎంతగా కనిపిస్తుంది?
2. ఎక్స్‌పో, బయోస్ అప్‌డేట్ రెండూ ఒకేసారి చేస్తే వచ్చే చిక్కేమిటి?
3. 'నిదానమే ప్రధానం', 'ఆలస్యం అమృతం విషం'. ఈ రెండు సామెతల్లో కొత్త కంప్యూటర్‌కు ఏది తగింది? కారణం ఐదు వాక్యాల్లో రాయండి.