ఆకు విప్పి చూడు

బుజ్జీ,

వరి ఆకులు మడతపడి తెల్లబడుతున్నాయి, ఏ మందు కొట్టమంటావని అడిగావు. మందు మాట తర్వాత. ముందు తగరపువలస దగ్గర గోస్తనీ పక్క మన మడిలోకి దిగి, అలాంటి ఆకు ఒకటి మెల్లగా విప్పు. లోపల లేత పసుపుపచ్చ పురుగు ఉంటుంది. ముట్టుకున్నావో, గిలగిల్లాడుతూ వెనక్కి జరిగి కింద పడిపోతుంది. అది గీకి తిన్నచోట పచ్చదనం పోయి పల్చటి పొర మిగులుతుంది. గట్టు మీంచి తెల్ల చారల్లా కనబడేవి అవే.

ఇదే ఆకుముడత. 1854లో గ్వెనే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని లోకానికి వర్ణించాడు. దీని రెక్కలపురుగు పగలు ఆకుల చాటున దాక్కుంటుంది. పైరు కదిలిస్తే లేచి నాలుగడుగుల అవతల వాలుతుంది. ఎండుగడ్డి రంగు రెక్కలు, అంచున ముదురు పట్టీ. ముందు రెక్క మీద రెండు నిండు గీతలు, వాటి నడుమ ఒక సగం గీత. ఆ సగం గీతను గుర్తుపెట్టుకో.

గుడ్లు నాలుగైదు రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగు మొదట లేత ఆకును గీకుతుంది. కాస్త ఎదిగాక నోటి నుంచి పట్టుదారం తీసి ఆకు రెండంచులకూ అడ్డంగా కట్లు వేస్తుంది. దారం ఆరేకొద్దీ బిగుస్తుంది, అంచులు దగ్గరికొస్తాయి. ఎంత చిన్న ప్రాణికి ఎంత పనితనమో! అలా మూడు నాలుగు ఆకులు మారుస్తుంది. రెక్కలొచ్చాక దీని ప్రయాణమూ పెద్దదే. జపాన్ ప్రధాన దీవుల చలికి ఈ జాతి తట్టుకోలేదు. అక్కడికి ఏటా వేసవిలో గాలివాటున సముద్రం దాటి వెళుతుంది.

యూరియా ఎక్కువైన మడి, చెట్టు నీడ పడే మడి దీనికి ఇష్టం. తొందరపడి మందు కొడితే సాలీళ్లు, తూనీగలు, దీని గుడ్లలో పెరిగే ట్రైకోగ్రామా కందిరీగలు పోతాయి. ఆ వెనకే వరి రసం పీల్చే సుడిదోమ పెరుగుతుంది. వియత్నాంలోని లాంగ్ ఆన్‌లో 1994లో, విత్తిన 40 రోజుల వరకు ఆకు తినే పురుగులకు మందు కొట్టకుండా చూడమని రైతులకు చెప్పారు. చాలామంది పిచికారీలు తగ్గించేశారు. పిలకలు వేసే వయసులో పైరు కొత్త ఆకులతో కోలుకుంటుంది.

పొట్ట దశలో పోటాకు దెబ్బతింటే మాత్రం ఊరుకోకు. గింజ పాలుపోసుకునేది ఎక్కువగా దాని బలంతోనే. అంతవరకు మడిలో నీళ్లుంచి పైరు మీద ముళ్ల కంప లాగించు, పురుగులు రాలి నీళ్లలో పడతాయి. రేపు పొద్దున్న మడికి నాలుగు పక్కలా కుదుళ్లు పరీక్షించి, ఒక్కో కుదురుకు ఎన్ని ఆకుల్లో బతికున్న పురుగుందో నాకు రాయి. మందు సంగతి అది చూశాక తేల్చుకుందాం.