బడి గుమ్మంలో కొత్త బిడ్డ

మన రాష్ట్రంలో సాధారణంగా జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఆ ఉదయం వేటపాలెం మగ్గాల సందుల్లోంచి కూడా చిన్నారులు కొత్త సంచులు తగిలించుకుని బయలుదేరుతారు. వారిలో మన ఇళ్ళ పిల్లలూ ఉంటారు. సంచి, పలక, యూనిఫారం అన్నీ మనం సిద్ధం చేస్తాం. కాని అక్కడ ఆ బిడ్డను 'రా నాయనా, ఇక్కడ కూర్చో' అని పిలిచేవారెవరు? ఈ సంగతి మాత్రం ఆలోచించం.

హజ్రత్ అబూ రిఫాఆ (రజి) ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (సల్లం) ఖుత్బా ఇస్తుండగా ఆయన వచ్చారు. తాను పరదేశినని, ధర్మం గురించి ఏమీ తెలియదని, తెలుసుకోవడానికే వచ్చానని విన్నవించుకున్నారు. ప్రవక్త (సల్లం) ఖుత్బా ఆపి ఆయన దగ్గరకు వచ్చారు. ఒక కుర్చీ తెచ్చి వేశారు. ప్రవక్త (సల్లం) దానిపై కూర్చుని ఆయనకు నేర్పి, ఆ తర్వాతే వెళ్ళి ఖుత్బా పూర్తిచేశారు. ఖుత్బా ఎంత ముఖ్యమైనదో మనకు తెలుసు. అయినా కొత్తగా వచ్చిన ఒక్క వ్యక్తి కోసం అది కాసేపు ఆగింది.

ఇందులో మరో విశేషం గమనించండి. ఆ కుర్చీ కాళ్ళు ఇనుపవని తనకు గుర్తున్నట్లు అబూ రిఫాఆ (రజి) తర్వాత చెప్పుకున్నారు. కొత్త చోటికి వచ్చినవారికి ఇలాంటివే మనసులో నిలిచిపోతాయి. మొదటి రోజు తనను ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరు నవ్వారు, ఎవరు కసిరారు అన్నది పిల్లవాడు అక్షరాలకంటే ముందే నేర్చుకుంటాడు.

ఇంట్లో జరగవలసిన పని కూడా ఉంది. మనం బిడ్డను 'మున్నా' అనో 'చిన్నూ' అనో పిలుస్తాం. రిజిస్టరులో మాత్రం 'షేక్' తో మొదలయ్యే పొడవాటి పేరు ఉంటుంది. టీచరుగారు ఆ పేరు పిలిస్తే అది తననే అని వాడికి తెలియదు. పలకడు. పిల్లలంతా నవ్వుతారు. తప్పు వాడిది కాదు, మనది. బడికి పంపడానికి నెల ముందు నుంచే పూర్తి పేరుతో రోజూ ఒకసారి పిలవండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలవారు మరొకటి చేయాలి. 'నీళ్ళు కావాలండీ', 'ఒకటికి వెళ్ళాలండీ' అనే రెండు తెలుగు మాటలు తప్పకుండా నేర్పాలి. అడగడం రాక బట్టలు తడుపుకున్న పిల్లవాడు మర్నాడు బడి పేరెత్తితే ఏడుస్తాడు. అప్పుడు మనం 'మొండివాడు' అంటాం!

ఇక మన మక్తబుల సంగతి. ఇది మనలో మనం చెప్పుకోవలసిన మాట. ఒకచోట మేము కళ్ళారా చూశాం: అయిదేళ్ళ బిడ్డ ఖాయిదా పట్టుకుని మొదటిసారి వచ్చాడు. ఉస్తాద్ గారు ముందుగా వాడికి చూపించింది అలిఫ్ కాదు, బెత్తం. తండ్రి పక్కనే నిలబడి, 'బాగా భయం పెట్టండి' అన్నాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012 సవరణ వల్ల, ప్రధానంగా మతవిద్య నేర్పే మదర్సాలకు ఆ చట్టం వర్తించదు. అయితే మనం చట్టం వచ్చేదాకా ఆగాలా? హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) ఇస్లాంలోకి కొత్తగా వచ్చినవారు. తెలియక నమాజు మధ్యలో మాట్లాడేశారు. చుట్టూ ఉన్నవారు గుర్రుగా చూశారు. నమాజు ముగిశాక ప్రవక్త (సల్లం) ఆయన్ను కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో మనుషుల మాటలు తగవని నెమ్మదిగా చెప్పారు, అంతే. అంతకంటే మంచి గురువును తాను అంతకు ముందూ ఆ తర్వాతా చూడలేదని ముఆవియా (రజి) చెప్పుకున్నారు. ఇది కూడా సహీహ్ ముస్లింలోనే ఉంది. నమాజులో జరిగిన పొరపాటుకే అంత మృదుత్వం చూపితే, 'బే'ను 'తే' అన్న పసివాడికి బెత్తం ఎందుకు?

వేటపాలెం తల్లిదండ్రులకు ఒక సౌకర్యం ఉంది. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఊళ్ళోనే ఉంది. బడి తెరవక ముందే ఒకసారి బిడ్డను వెంటబెట్టుకుని వెళ్ళండి. పెద్దవాళ్ళు తమంతట తామే పుస్తకాలు తెరిచి చదువుకోవడం వాడు చూస్తాడు. చదువంటే శిక్ష కాదని మనం వేరే చెప్పనక్కరలేదు.

మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయన తోటి యువకులు ప్రవక్త (సల్లం) వద్ద ఇరవై రాత్రులు ఉన్నారు. ఇంటివారి మీద బెంగ పెట్టుకున్నారని ఆయనే గ్రహించి, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి తెలుసుకుని, ఇళ్ళకు పంపించారు. బుఖారీ గ్రంథంలో ఈ హదీసు ఉంది. యువకులకే బెంగ కలిగితే, అయిదేళ్ళవాడి సంగతి చెప్పాలా? మొదటి వారం సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే 'ఏం నేర్చుకున్నావు?' అని అడగకండి. 'ఎవరి పక్కన కూర్చున్నావు?' అని అడగండి. 'ఎవరూ లేరు' అంటే, మర్నాడు మీరే వెంట వెళ్ళి ఆ మాట టీచరుగారి చెవిన వేయండి. మీ వీధి నుంచి అదే బడికి వెళ్ళే పెద్ద పిల్లవాడు ఎవరైనా ఉంటే, వాడిని పిలిచి, మధ్యాహ్నం అన్నం దగ్గర వీడిని పక్కన కూర్చోబెట్టుకోమని చెప్పండి.