జుమా నుంచి జుమా వరకు

రమజాన్ నెలలో మన ఇళ్లు ఎలా ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. సహరీ వేళకు ఇంటిల్లిపాదీ మేల్కొంటారు. మస్జిదులు నిండిపోతాయి. ఇంటింటా ఖుర్ఆన్ పారాయణం వినిపిస్తుంది. కాని షవ్వాల్ సగం గడిచేసరికి ఖుర్ఆన్ గిలాఫులోకి, గిలాఫు అలమరా పైఅరలోకి చేరుకుంటుంది. ఇక మనసుకు నెమ్మది లేదంటూ మళ్లీ రమజాన్ కోసం ఎదురుచూస్తాం.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఒక ఏడాది ఈద్ మరునాడే పెద్ద పట్టిక రాసి గోడకు అంటించాం. రోజూ తహజ్జుద్, రోజుకొక పారా, పిల్లలకు రోజూ పాఠం. మూడు వారాలు తిరక్కుండానే ఆ పట్టిక వైపు చూడడానికే సిగ్గనిపించింది. ఆలోచిస్తే తెలిసింది, లోపం మా సంకల్పంలో లేదు, మేము పెట్టుకున్న కొలతలో ఉంది. ఆచరణ కొద్దిపాటిదైనా సరే, ఎడతెగకుండా చేసేదే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. పాటించింది మాత్రం తక్కువ.

వారం లెక్క ఎందుకు?

ఐదు పూటల నమాజు విధి. అందులో సడలింపు వెతకరాదు. దానికి తోడు ఏదైనా అలవాటు చేసుకోదలిస్తే వారం లెక్క చాలా అనువైనది. జ్వరం వచ్చినా, ప్రయాణం తగిలినా వారంలో మరో రోజు మిగిలే ఉంటుంది.

ఈ పద్ధతి మనం కొత్తగా కనిపెట్టింది కాదు. దైవప్రవక్త (స) ప్రతి శనివారం ఖుబా మస్జిదుకు ఒక్కోసారి నడిచి, ఒక్కోసారి వాహనంపై వెళ్లి నమాజు చేసేవారు. తమకూ ఒక రోజు కేటాయించమని స్త్రీలు కోరితే, వారి కోసం ఒక రోజు నిర్ణయించి ధర్మబోధ చేశారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ప్రతి గురువారం ప్రజలకు బోధించేవారు. రోజూ బోధించమని ఒకరు కోరగా, వినేవారికి విసుగు కలిగించడం ఇష్టం లేక ఆయన ఒప్పుకోలేదు. మనిషి ఓపికకు ఒక హద్దు ఉందని ఆ మహనీయులు గ్రహించారు.

సోమ, గురువారాలు

సోమ, గురువారాల్లో దాసుల కర్మలు అల్లాహ్ సన్నిధికి చేరతాయనీ, ఆ సమయంలో తాము ఉపవాసంతో ఉండడం తమకు ఇష్టమనీ దైవప్రవక్త (స) తెలిపారు. రెండు రోజులూ సాధ్యం కానివారు ఒక్కరోజుతో మొదలుపెట్టవచ్చు. శుక్రవారం ఒక్కదాన్నే ప్రత్యేకించి ఉపవాసానికి ఎంచుకోవడాన్ని మాత్రం ఆయన వారించారు. చక్కెర వ్యాధి ఉన్నవారు, పాలిచ్చే తల్లులు వైద్యుని సలహా తీసుకోవాలి.

ఈ రోజులకు సంబంధించి ముస్లిం గ్రంథంలో మరో హదీసు ఉంది. ఆ రెండు రోజుల్లో స్వర్గద్వారాలు తెరుచుకుంటాయి. షిర్క్ చేయని ప్రతి దాసునికీ క్షమాపణ లభిస్తుంది. కాని పరస్పరం వైరం పెట్టుకున్న ఇద్దరి విషయం మాత్రం వారు రాజీపడేదాకా వాయిదా పడుతుంది.

ఇది చదివిన రోజు మాకు ఇఫ్తార్ ముద్ద గొంతు దిగలేదు. ఇంటి పంపకాల్లో వచ్చిన మాటపట్టింపుతో మాకూ మా అన్నయ్యకూ రెండేళ్లుగా మాటల్లేవు. గురువారం ఉపవాసాలు మాత్రం సాగుతూనే ఉన్నాయి! మూడు రోజులకు మించి సోదరునితో మాట మానడం ధర్మసమ్మతం కాదని తెలిసీ మేము చేసిన నిర్వాకమిది. ఆ రాత్రే ఫోను చేశాం. ఆయన ఎత్తలేదు. మరుసటి గురువారం మళ్లీ చేశాం. ఎత్తి, సలాముకు జవాబు చెప్పి, "అమ్మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?" అని మాత్రం అడిగారు. పంపకాల తగవు ఇంకా పూర్తిగా తీరలేదు. అయినా ఇప్పుడు ప్రతి గురువారం మాట్లాడుకుంటున్నాం. మనసు మీది బరువు దిగింది.

శుక్రవారం

గుస్ల్ చేయడం, ఉన్నంతలో మంచి దుస్తులు ధరించడం, అత్తరు పూసుకోవడం, పెందలాడే మస్జిదు చేరడం మనకు తెలిసినవే. జుమా పిలుపు వినగానే వ్యాపారం ఆపి రమ్మనీ, నమాజు ముగిశాక తిరిగి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమనీ జుమా సూరా బోధిస్తుంది. సంపాదన ఎక్కడ ఆపాలో తెలిసినవాడికే నెమ్మది దక్కుతుంది.

జుమా రోజు కహఫ్ సూరా పారాయణానికి ఎంతో ఘనత ఉంది. అందులో 110 ఆయతులున్నాయి. పారాయణంతో పాటు దాని భావం కూడా ఇంట్లో అందరికీ అందేలా చూద్దాం. అందులో నాలుగు ప్రధాన గాథలున్నాయి: గుహవాసులైన యువకులు, రెండు తోటల యజమాని, హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రయాణం, జుల్‌ఖర్నైన్. జుమాకొక గాథ చొప్పున తెలుగు అనువాదం చూసి పిల్లలకు వివరిస్తే నెల తిరిగేసరికి నాలుగూ పూర్తవుతాయి. ఇక అస్ర్ తర్వాత ఫోన్లు పక్కన పెట్టి కాసేపు దుఆలో గడపాలి. జుమా రోజున దుఆ స్వీకరించబడే ఘడియ ఒకటుంది. అది అస్ర్ తర్వాతి చివరి ఘడియేనని ఎందరో ధర్మపండితుల అభిప్రాయం.

ఎలా మొదలుపెట్టాలి?

ఒక్క అలవాటుతోనే మొదలుపెట్టండి. అది రెండు నెలలు నిలబడ్డాకే రెండోది చేర్చండి. ఒక వారం తప్పిపోతే నిరాశపడి మానేయకండి, మరుసటి వారం అందుకోండి. మీ ఉపవాసం వల్ల ఇంట్లో ఆడవారికి పని పెరుగుతుంటే ఆ పనిలో మీరూ ఒక చేయి వేయండి. ప్రభువు హక్కు, మన ప్రాణం హక్కు, ఇంటివారి హక్కు, దేని హక్కు దానికి చెల్లించాలని హజ్రత్ సల్మాన్ (రజి) హజ్రత్ అబూదర్దా (రజి)తో చెప్పగా, దైవప్రవక్త (స) ఆ మాటను ధ్రువీకరించారు.

ప్రియమైన సోదర సోదరీమణులారా! రానున్న గురువారం మన కర్మల పత్రం పైకి చేరేలోగా, మనం మాట మానేసిన మనిషి ఎవరైనా ఉన్నారేమో చూసుకుందాం. మొదటి సలాము మనమే చెబుదాం.

కొద్దిపాటిదైనా నిలకడగా ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.