పళ్ల క్లిప్పులకు రెండేళ్లు ఎందుకు?

వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో పిల్లల పళ్ల క్లిప్పులవీ ఉంటున్నాయి. దాతలు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది: "తీగ ఇంకాస్త బిగించి ఆరు నెలల్లో ముగించలేరా?" ముగించలేరు. ఎందుకో చూద్దాం.

పన్ను గోడకు కొట్టిన మేకులాంటిది కాదు. వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో సుమారు ఐదో వంతు మందాన పీచుపొర ఉంటుంది. తీగ పన్నును నెట్టిన వైపు ఆ పొర నలుగుతుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు అక్కడికి చేరి ఎముకను కరిగిస్తాయి. వెనుక వైపు పొర సాగుతుంది, అక్కడ ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముకను కడతాయి. ఇలా ముందు తవ్వుకుంటూ వెనుక పూడ్చుకుంటూ పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది.

ఒక పన్నును పక్కకు వాల్చడానికి 35 నుంచి 60 గ్రాముల బలం చాలు. అంటే ఇంచుమించు ఒక కోడిగుడ్డు బరువు! అతిగా బిగిస్తే పొరలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయి అక్కడి కణాలు చనిపోతాయి. అప్పుడు ఎముకను కరిగించే కణాలు అవతలి నుంచి తొలుచుకుంటూ రావాలి. అంతవరకూ పన్ను కదలదు. పైగా నొప్పి, వేరు కొన అరిగిపోయే ప్రమాదం. బలం కేశనాళికల్లోని రక్తపీడనాన్ని మించకూడదని ష్వార్జ్ 1932లోనే చెప్పారు.

బలంతోపాటు హార్మోన్లదీ పెత్తనమే. పారాథైరాయిడ్ హార్మోను ఎముక కరిగే పనిని పెంచుతుంది, కాల్సిటోనిన్ తగ్గిస్తుంది. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఎముకలో మార్పులు వేగంగా, తక్కువైతే నిదానంగా సాగుతాయి. ఈస్ట్రోజన్ ఎముక కరగకుండా అడ్డుపడుతుంది. అందుకే ఒకే తీగ ఇద్దరు పిల్లల్లో ఒకే వేగంతో పనిచేయదు. థైరాయిడ్ మాత్రలు, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నా, షుగర్ ఉన్నా డాక్టరుకు ముందే చెప్పాలి. సంబంధాలు చెడతాయని ఆడపిల్లల థైరాయిడ్ సంగతి దాచే తల్లిదండ్రులున్నారు. బంధువుల దగ్గర దాచుకుంటే అది వారిష్టం. డాక్టరు దగ్గర దాస్తే నష్టం ఆ అమ్మాయికే.

ఇక దాతలకు మా మనవి. క్లిప్పులు వేయించే రోజు డబ్బు ఇవ్వడానికి చాలామంది ముందుకొస్తారు. ఆ తర్వాత నెలనెలా ఆస్పత్రికి వెళ్లే బస్సు ఛార్జీలు ఎవరికీ గుర్తుండవు. మధ్యలో మానేస్తే జరిగిన పళ్లు వెనక్కి మళ్లుతాయి. జకాత్ నుంచి ఇవ్వాలా, సదఖాగానా అన్నది ఆలిములను అడిగి నిర్ణయించుకోండి. ఇచ్చేది మాత్రం మొత్తం కాలానికి లెక్కగట్టి ఇవ్వండి. క్లిప్పులు తీశాక కూడా చిగురులోని పీచు పళ్లను చాలా నెలలు పాతచోటికి లాగుతూనే ఉంటుంది. అందుకని పెట్టుకునే రిటైనరు ఖర్చునూ ఆ లెక్కలో కలపండి.