ఓడ ఆగిన ఎనిమిది గంటలు: తిమింగల దర్శనానికి ఒక కుటుంబ ప్రణాళిక

'తిమి' అంటే మహామత్స్యం. దానిని సైతం మింగేది 'తిమింగిలం'. ఆ తిమింగిలాన్ని కూడా మింగే ప్రాణిని 'తిమింగిలగిలం' అన్నారు మన పూర్వులు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీనినే 'వేల్ మఛ్లీ' అంటారు. శాస్త్రదృష్టితో చూస్తే ఈ పేర్లన్నీ పొరపాటైనవే. తిమింగలం చేప కాదు. మనవలె ఊపిరితిత్తులతో శ్వాసించి, పిల్లను కని పాలిచ్చే క్షీరదం. పైగా అతిపెద్ద తిమింగలాలలో చాలా వాటి గొంతు మహామత్స్యం మాట అటుంచి, మనిషిని సైతం మింగలేనంత ఇరుకు. వాటి ఆహారం జానెడు చేపలు, చిన్న రొయ్యల వంటి జీవులు. పేరు విని భయపడ్డ ప్రాణిని దగ్గరగా చూసి తెలుసుకోవడం కూడా విద్యలో భాగమే.

నేడు తెలుగునాట అనేక కుటుంబాలలో పిల్లలు అమెరికాలో స్థిరపడి, వేసవిలో తల్లిదండ్రులను పిలిపించుకుంటున్నారు. అలా వెళ్లిన పెద్దలను ఓడలో అలాస్కా తీరానికి తీసుకువెళ్లడం పరిపాటి అయింది. 2024 వేసవిలో మా అన్నగారు మా కుటుంబాన్నంతటినీ అలా సియాటిల్ నగరం నుండి తీసుకువెళ్లారు. మార్గమధ్యంలో జూనో రేవులో ఓడ ఎనిమిది గంటలు ఆగుతుంది. అక్కడ తిమింగలాలను చూడాలని పిల్లల కోరిక. "చదువుకునేవాడివి నీవే కదా, ఆ ఏర్పాటు నీవే చూడు" అని అన్నగారు ఆ బాధ్యతను నాకు అప్పగించారు. నేను వేసిన ప్రణాళికలో ఒక పెద్ద లోపం దొర్లింది. దానిని కూడా దాచకుండా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రదేశం, కాలం

జూనో అలాస్కా రాష్ట్ర రాజధాని. అయినా బయటి ప్రపంచం నుండి అక్కడికి రోడ్డు మార్గం లేదు. ఒకవైపు నిటారు పర్వతాలు, వాటి వెనుక మంచుమైదానాలు, మరొకవైపు సముద్రం. ఓడలోనో విమానంలోనో చేరవలసిందే. వేసవి నెలలలో రేవు ఓడలతో కిక్కిరిసి ఉంటుంది. ఊరివారి ఇబ్బందిని గమనించి, 2024 నుండి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించకుండా ఒక ఒప్పందం చేసుకున్నారు.

తిమింగలాలను చూపే లాంచీలు ఓడలు ఆగే రేవు నుండి బయలుదేరవు. దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆక్ బే అనే చిన్న అఖాతం నుండి బయలుదేరుతాయి. అక్కడికి బస్సులో సుమారు అరగంట ప్రయాణం.

అక్కడ ఎక్కువగా కనిపించేది హంప్‌బ్యాక్ జాతి. మునిగేముందు వీపును విల్లులా వంచడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పెరిగిన తిమింగలం 12 నుండి 16 మీటర్ల పొడవుంటుంది. ఇవి శీతకాలంలో హవాయి దీవుల వెచ్చని నీటిలో పిల్లలను కని, వసంతంలో సుమారు 4,500 కిలోమీటర్లు ఈది అలాస్కా చేరుతాయి. హవాయిలో వాటికి తిండి దాదాపు ఉండదు. ఏడాదికి సరిపడా కొవ్వును ఈ చల్లని నీటిలోనే, వేసవి నెలలలోనే సంపాదించుకోవాలి. కనుక మే నుండి సెప్టెంబరు వరకు వాటిని చూడడానికి అనువైన కాలం. మనకు అది విహారకాలం, వాటికి అది కోతల కాలం. ఈ భేదాన్ని మరువరాదు. మన అరేబియా సముద్రంలోనూ ఇదే జాతికి చెందిన ఒక చిన్న గుంపు ఉంది. అది మాత్రం ఇలా దూరదేశాలకు వలసపోదు.

పత్రాల సంగతి

అమెరికా వీసా ఉన్నది కదా, అలాస్కా కూడా అమెరికాయే కదా అని నిశ్చింతగా ఉండరాదు. విదేశీ పతాకం గల ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని, మధ్యలో పరదేశపు రేవును తాకకుండా తిరిగి అక్కడికే రావడానికి 1886 నాటి ఒక చట్టం అంగీకరించదు. అందుచేత సియాటిల్ నుండి వెళ్లే పెద్ద ఓడలు కెనడాలో ఒక రేవున ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టు గల తల్లిదండ్రులకు కెనడా వీసా కూడా కావాలి. అమెరికా వీసా తిరిగి ప్రవేశించడానికి వీలిచ్చేదై ఉండాలి. ఈ పని టిక్కెట్టు కొనడానికి నెలల ముందే మొదలు పెట్టాలి.

గంటల లెక్క

మా ఓడ మధ్యాహ్నం 12 గంటలకు రేవు చేరి, రాత్రి 8 గంటలకు కదలాలి. 7.30కల్లా అందరూ ఓడ ఎక్కాలి. దిగడానికి వరుసలో నిలబడే సమయం ముందే తీసివేయాలి. ఒంటి గంటన్నరకు బస్సు, రెండు గంటలకు ఆక్ బే, సుమారు రెండున్నర గంటలు నీటిపై, అయిదుంబావుకు తిరిగి రేవు. ఇంకా రెండుంబావు గంటలు మిగులుతాయి.

ఆ మిగులును చూసి పిల్లలు మెండెన్‌హాల్ హిమానీనదం కూడా చూద్దామన్నారు. రెండూ కలిపి చూపేవారున్నారు. అయితే అలా చేస్తే తిరిగివచ్చేసరికి ముప్పావు గంట మాత్రమే మిగిలేది. ఒక్క టైరు పంక్చరయితే చాలు. ఓడ వెళ్లిపోతే తరువాతి రేవుకు రోడ్డు లేదు; విమానం కోసం వెతుక్కోవలసిందే. పైగా మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. నేను హిమానీనదాన్ని వదిలివేశాను. ఆ నిర్ణయానికి చింతించవలసిన పని లేకపోయింది. ఆక్ బే నుండి లాంచీ కదలగానే వెనుక కొండల నడుమ ఆ మంచునది స్పష్టంగా కనిపించింది.

మరి రెండు జాగ్రత్తలు. జూనో కాలమానం సియాటిల్ కంటే ఒక గంట వెనుక. చేతి గడియారం, ఫోను, ఓడ గడియారం మూడు రకాలుగా ఉండే ప్రమాదం ఉంది. ఓడవారు ప్రకటించిన సమయమే ప్రమాణం. రెండవది, ఓడవారి ద్వారా కుదుర్చుకున్న విహారం ఆలస్యమైతే సాధారణంగా ఓడ వేచి ఉంటుంది. బయట సొంతంగా కుదుర్చుకుంటే ఖర్చు తగ్గవచ్చు, చిన్న లాంచీ దొరకవచ్చు. కాని ఆలస్యానికి బాధ్యత మనదే.

లాంచీ ఎంపిక

చిన్న లాంచీలో జనం తక్కువ, నీటికి దగ్గర. కాని కొన్నింటిలో మరుగుదొడ్డి ఉండదు. వృద్ధులకు, పసివారికి అది చిన్న విషయం కాదు. పెద్ద లాంచీలో వెచ్చని గది, కూర్చోవడానికి బల్లలు, మరుగుదొడ్డి ఉంటాయి. ఎక్కేచోట మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నదా అని ముందే అడగాలి. ఆ జలాలు దీవుల చాటున ఉంటాయి కాబట్టి బయటి సముద్రంతో పోలిస్తే అలల తాకిడి తక్కువ. అయినా కడుపు తిప్పేవారు వైద్యుని సలహాపై మాత్రను ముందుగానే వేసుకోవాలి. తిప్పడం మొదలైన తరువాత వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. జూనోలో ఎండ కంటే వానే ఎక్కువ. నడివేసవిలోనూ లాంచీ మీద చలిగాలి కోస్తుంది. స్వెట్టరు, దానిపై వాన కోటు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి.

వాటి హక్కు

అలాస్కా జలాలలో హంప్‌బ్యాక్ తిమింగలానికి 100 గజాల కంటే దగ్గరగా లాంచీ పోరాదని 2001 నుండి నిబంధన ఉంది. దాని దారికి అడ్డంగా వెళ్లి నిలవడం కూడా నిషిద్ధం. దీనికి బలమైన కారణమే ఉంది. ఇరవయ్యవ శతాబ్దపు వేటలో ఈ జాతి ఉత్తర పసిఫిక్ సముద్రంలో దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. 1966లో వేట నిషేధించిన తరువాత మెల్లగా కోలుకుంది. మళ్లీ 2014-2016 మధ్య సముద్రజలం అసాధారణంగా వేడెక్కి ఆహారం తగ్గింది. ఆగ్నేయ అలాస్కాలో పిల్లతో కనిపించే తల్లుల సంఖ్య పడిపోయింది. ఆకలితో వచ్చిన తల్లిని మన వినోదం కోసం తరమడం ఎంతటి అన్యాయమో వేరుగా చెప్పనవసరం లేదు. "ఇంకా దగ్గరగా పోనివ్వండి" అని డ్రైవరును తొందరపెట్టకుండా ఉండడం మన వంతు ధర్మం.

నా ప్రణాళికలోని లోపం

మా తండ్రిగారు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. కంటి నరాల జబ్బుతో ఆయన చూపు చాలా వరకు పోయింది. నేను వ్రాసిన మొదటి ప్రణాళికలో "అబ్బాజాన్ ఓడలోనే ఉంటారు" అని ఒక పంక్తి ఉంది. ఆయనకు చదివి వినిపించినప్పుడు ఏమాత్రం నొచ్చుకోలేదు. "నా కళ్లకు అంత దూరం ఆనదు కదా బేటా. నా టిక్కెట్టు డబ్బు పిల్లలకు ఖర్చు పెట్టండి" అన్నారు. ఆయన అంత సులువుగా ఒప్పుకోవడమే నన్ను బాధించింది.

తరువాత తిమింగలాల శ్వాసను గురించి చదువుతుండగా నా తప్పు నాకు తెలిసింది. తిమింగలం తలపై నుండి ఎగజిమ్మేది నీటిధార అని చిన్నప్పుడు బొమ్మలలో చూశాం. నిజానికది ఊపిరి. లోపలి వెచ్చని గాలి ఒక్కసారిగా బయటికి వచ్చి, చల్లని గాలిలో ఆవిరై తెల్లగా కనిపిస్తుంది. ఆ చప్పుడు నిశ్శబ్దమైన నీటిపై చాలా దూరం వినిపిస్తుంది. చూడవలసినదని మాత్రమే నేను అనుకున్న దానిలో వినవలసినది కూడా ఉంది. ప్రణాళికను మార్చాను. లాంచీవారిని అడిగిన ప్రశ్నలలో ఒకటి చేర్చాను: తిమింగలం కనిపించినప్పుడు ఇంజను ఆపుతారా? ఆపుతామన్నవారినే కుదుర్చుకున్నాం.

ఆ రోజు

నలభై నిమిషాలు ఏమీ కనిపించలేదు. పిల్లలు విసిగిపోయారు. అమ్మగారు లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చున్నారు. అబ్బాజాన్‌ను వెలుపలి బల్లపై కమ్మీ దగ్గర కూర్చోబెట్టాం. ఉన్నట్టుండి డ్రైవరు ఇంజను ఆపాడు. నీళ్లు లాంచీని తట్టే చప్పుడు తప్ప మరేమీ లేదు. అప్పుడు ఎడమవైపు నుండి, కొలిమితిత్తి ఒక్కసారిగా నొక్కినట్లు, ఒక ఊపిరి వినిపించింది. అందరూ అటు పరుగెత్తారు. నల్లని వీపు వంగింది, తోక లేచింది, మునిగింది. ఆ తోక అడుగుభాగంలోని తెలుపు నలుపు మచ్చలు ఏ రెండు తిమింగలాలకూ ఒకేలా ఉండవనీ, వాటి ఛాయాచిత్రాలతోనే ఒక్కొక్క దానిని గుర్తుపడతారనీ మార్గదర్శి చెబుతున్నాడు.

అబ్బాజాన్ కదలలేదు. చేయి ఎత్తి అందరినీ మాట్లాడవద్దన్నారు. కొంతసేపటికి, "రెండున్నాయి. ఒకటి చిన్నది" అన్నారు. మాకెవరికీ రెండవది కనిపించలేదు. "చిన్నదాని ఊపిరి తేలిక. అది ఊరికే పైకి వస్తున్నది" అన్నారు. మరి రెండు నిమిషాలకు మార్గదర్శి తల్లి పక్కన పిల్లను చూపించాడు. పిల్ల తల్లివలె ఎక్కువసేపు ఊపిరి బిగబట్టలేదనీ, అందుకే మాటిమాటికి పైకి వస్తుందనీ వివరించాడు. అన్నగారి చిన్న కుమారుడు తన బైనాక్యులర్స్ పక్కన పెట్టి, తాతగారి పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "దాదాజాన్, నాకూ వినిపించింది" అన్నాడు.

అయిదుంబావుకు రేవు చేరాం. ఓడ ఎక్కడానికి ఎవరూ పరుగెత్తవలసిన అవసరం కలగలేదు.

ముగింపు

విద్యార్థి మిత్రులలో కొందరు రేపు దేశాంతరాలలో ఉద్యోగాలు చేసి, తల్లిదండ్రులను ఇలా తీసుకువెళ్లగలరు. పత్రాలు, గంటలు, మాత్రలు, కోట్లు అన్నీ ముందే లెక్క చూసుకోండి. తిమింగలం కనిపించడం మాత్రం మీ చేతిలో లేదు. అది మన కాలపట్టిక చూసుకుని పైకి రాదు. కుటుంబంలో వెనుకబడి నడిచే వ్యక్తిని దృష్టిలో పెట్టుకునే ప్రణాళికను మొదలుపెట్టండి. ఎవరినైనా ఇంటిలోనో ఓడలోనో విడిచి వెళ్లాలని వ్రాసుకుంటే, ఆ పంక్తిని కొట్టివేసే మార్గం ఉన్నదేమో మరొకసారి వెతకండి. నేను వెతకకపోయి ఉంటే, ఆనాడు రెండవ ఊపిరిని మాలో ఎవరూ గుర్తించి ఉండేవారం కాదు.