కట్టెపేళ్లు చీల్చు పీట: చేతికి ముప్పు లేని సాధనము

పొయ్యి ముట్టించునపుడు లావుకట్టె వెంటనే యంటుకొనదు. సన్నని పేళ్లు కావలయును. వంటయింట గ్యాసుపొయ్యి యున్నను, నీళ్లకాగు క్రిందను, పశువులకు ఉలవ లుడికించు పొయ్యిలోను వీని యవసరము కలుగుచుండును. సాధారణముగా నొకచేత కట్టెను నిలిపి పట్టి, రెండవచేత చిన్నగొడ్డలితో కొట్టుదురు. గురి యొక యంగుళము తప్పినను వ్రేలు తెగును. కోతల దినములలో చేయి తెగిన రైతు తన పొలమున తాను పనిచేయలేక కూలికి సొమ్ము వెచ్చింపవలసివచ్చును. ఈ పని తఱచుగా స్త్రీలపైనను పిల్లలపైనను పడును గావున గృహయజమాని దీని నుపేక్షింపరాదు.

సూత్రము

మన యిండ్లలోని కత్తిపీటను చూడుడు. దానియందు కత్తి కదలదు. కూరగాయయే కత్తిమీదికి పోవును. కట్టెవిషయమునను ఈ పద్ధతినే యవలంబింపవచ్చును. గొడ్డలిని పదును పైకుండునట్లు మొద్దులో బిగించి, కట్టెను దానిపై నిలిపి, కట్టెతలపై కొయ్యకొడతితో కొట్టవలెను. ఎత్తిన చేతిలో పదునైన వస్తు వుండదు. రెండవచేతికి పనియే లేదు.

కావలసిన వస్తువులు

బాగుగా నెండిన చింతమొద్దు (ఎత్తు 15 అంగుళములు, అడ్డుకొలత 12 అంగుళములు), కామ విఱిగిన పాతగొడ్డలి, ఒకటిన్నర అంగుళముల వెడల్పుగల ఇనుపపట్టా, అరయంగుళము లావుగల ఇనుపకడ్డీ, 7 అంగుళముల అడ్డుకొలతగల ఇనుపవలయము, దానికి మూడు కాళ్లు, కొయ్యకొడతి. కమ్మరియు వడ్రంగియు నొకదినములో దీనిని ముగింపగలరు.

చేయు విధము

1. మొద్దు రెండు కొనలను ఱంపముతో సమముగా కోయవలెను. అది నేలపై నూగరాదు.

2. బండిచక్రమునకు వేయునట్లే పట్టాను కాల్చి మొద్దు పైయంచున తొడిగి నీళ్లు పోయవలెను. పట్టా లోపలి చుట్టుకొలత మొద్దు చుట్టుకొలతకంటె పావు అంగుళము తక్కువగా నుండవలెను. పట్టా లేనిచో కొంతకాలమునకు మొద్దే చీలును. పచ్చిమొద్దు ఎండినపుడు కుంచించుకొనిపోవును గావున దానికి పట్టా నిలువదు.

3. మొద్దు నడుమ గొడ్డలి కన్ను పూర్తిగా మునుగునంత లోతుగా గాడి తొలిచి, అడుగున ఇనుపరేకు పఱచి, గొడ్డలిని దింపవలెను. పదును మూడంగుళములైనను పైకుండవలెను.

4. గొడ్డలికన్నులో ముందుగా తుమ్మచేవకొయ్యను బిగించి దానికి బెజ్జము వేయవలెను. మొద్దు ప్రక్కనుండి కడ్డీని ఆ బెజ్జముగుండ అవతలకు దూర్చి రెండు కొనలను బిగింపవలెను. ఇట్లు చేసినచో గొడ్డలి పైకి లేవదు.

5. పదునునకు నాలుగంగుళముల పైన వలయము నిలుచునట్లు దాని కాళ్లను మొద్దు ప్రక్కలకు మరచీలలతో బిగింపవలెను.

వాడు విధము

అడుగు పొడవు, నాలుగంగుళములకు మించని లావు, ముడులు లేని యెండుకట్టెను వలయములో నుంచి దాని యంచునకు ఆనింపవలెను. మొదట మెల్లగా నొకదెబ్బ, పదును కఱచినపిదప గట్టిదెబ్బ కొట్టవలెను. కట్టె సగము చీలి యాగినచో చేయి పెట్టరాదు. దానిపై మఱియొక కట్టె నుంచి కొట్టవలెను. లావైన మొద్దులను ముందుగా పెద్దగొడ్డలితోనే పగులగొట్టుకొనవలెను.

జాగ్రత్తలు

ఇనుపసుత్తితో కొట్టరాదు. అది పదునునకు తగిలినచో ఉక్కుపెచ్చు లెగిరి కన్నులు పోవచ్చును. గొడ్డలి కదలుచున్నదేమో ప్రతిదినము చూచి, కదలినచో పని నిలిపివేయవలెను. కాళ్లకు చెప్పులు తొడుగవలెను. పని ముగిసినపిదప పదునుపై కొయ్యతొడుగు పెట్టక విడువరాదు. కోళ్లను తఱుముచు పరుగెత్తు పిల్లవాడు దానిపై పడవచ్చును.

ఇంత జాగ్రత్తపడినను గాయమైనచో పసుపో, పేడయో, బూడిదయో పెట్టరాదు. శుభ్రమైన నీటితో కడిగి, గుడ్డ గట్టిగా కట్టి, ఆనాడే వైద్యుని చూచి ధనుర్వాతము రాకుండ సూదిమందు వేయించుకొనవలెను.

ఈ పీటకు కావలసిన సామగ్రిలో హెచ్చుభాగము రైతు పెరటిలోనే దొరకును. వేసవిలో బండిపని చేయించునపుడే దీనిని గూడ చేయించుకొన్నచో వానకాలమునకు సిద్ధముగా నుండును.